యువ కేంద్రంలో చేరితే ఉద్యోగం, లోను వస్తాయా? గాజువాక తమ్ముడికి ఒక పాత బ్యాంకు ఉద్యోగి జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "మాది గాజువాక. నాకు 23 ఏళ్లు. బీకాం పాసై రెండేళ్లయింది, ఇంకా ఖాళీగానే ఉన్నాను. అక్కకి 31. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, షాపు పెట్టాలని ఉంది. యువ కేంద్రంలో పేరు రాయించుకుంటే నాకు ఉద్యోగం చూపిస్తారు, అక్కకి లోను ఇప్పిస్తారు అంటున్నారు. నిజమేనా? వయసు పరిమితి ఏమైనా ఉంటుందా?"

బాబూ, నేను బ్యాంకులో చాలా ఏళ్లు లోన్ల సీట్లో పనిచేశాను. తర్వాత స్వయం ఉపాధి శిక్షణలో క్లాసులు చెప్పాను. ఇప్పుడు మీ గాజువాక వైపే ఒక యువ కేంద్రంలో పిల్లల అప్లికేషన్లు చూస్తున్నాను. అప్లికేషన్లు తిప్పి పంపినవాణ్ణీ నేనే, ఇప్పుడు దగ్గర కూర్చుని రాయిస్తున్నవాణ్ణీ నేనే. అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

ఉద్యోగం చూపిస్తారన్నది సగం నిజం. లోను ఇప్పిస్తారన్నది మాత్రం నిజం కాదు. లోను ఇచ్చేది బ్యాంకు. కేంద్రం చేయగలిగింది కాగితాలు సరిగ్గా పెట్టించడం, బ్యాంకుకి తోడు రావడం. అది చిన్న సాయం కాదు, కానీ ఆ సాయం అన్నిచోట్లా దొరకదు. ఏ కేంద్రమైనా మంచిదా కాదా అని తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: కోర్సు అయిపోయాక మనల్ని ఎవరు పట్టించుకుంటారు? క్లాసులు అందరూ చెబుతారు, సర్టిఫికెట్ అందరూ ఇస్తారు. ఆ తర్వాతి ఆరు నెలల్లోనే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకో. యువ కేంద్రం అని మనవాళ్లు నాలుగైదు రకాల చోట్లని కలిపి అనేస్తుంటారు. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు ఇప్పుడు 'మేరా యువ భారత్' కిందకి వచ్చాయి. వాళ్ల ముఖ్యమైన పని యువజన సంఘాలు, సేవా కార్యక్రమాలు, శిబిరాలు. నలుగురితో పరిచయం, మైకు ముందు భయం పోవడం లాంటివి అక్కడ బాగా వస్తాయి. ఉద్యోగం కోసమని వెళితే మాత్రం నిరాశే. కంచరపాలెంలో జిల్లా ఉపాధి కార్యాలయం ఉంది, మన పాత ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ. అక్కడ పేరు నమోదుతో పాటు జాబ్ మేళాలూ జరుగుతుంటాయి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కోర్సులు వేరు. పల్లెటూరి పిల్లలకి బ్యాంకులు నడిపే ఆర్సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, వేరు. స్వచ్ఛంద సంస్థల డబ్బుతోనో, కంపెనీలు సామాజిక సేవకి ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుతోనో నడిచే ఉచిత శిక్షణ కేంద్రాలు ఇంకో రకం. ఆంధ్రా యూనివర్సిటీలో, ఐఐఎంలో ఉన్న ఇంక్యుబేషన్ సెంటర్లు, అంటే కొత్త కంపెనీలకి తొలినాళ్లలో తోడుండే చోట్లు, ముఖ్యంగా స్టార్టప్‌లకి. బ్లౌజుల షాపు ఆలోచనతో అక్కడికి వెళితే మర్యాదగా టీ ఇచ్చి పంపిస్తారు.

కాబట్టి "యువ కేంద్రంలో చేరతాను" అనుకోవద్దు. నీకేం కావాలి, మీ అక్కకేం కావాలి అని విడిగా చూడాలి. మీ ఇద్దరి దారులూ వేరు.

ముందు నీ సంగతి. బీకాం చేసి రెండేళ్లు ఖాళీగా ఉన్న పిల్లలు మన వైపు చాలామందే కనిపిస్తారు. కొందరు ద్వారకానగర్ కోచింగుల్లో బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ అని తిరుగుతుంటారు. కొందరి ఇంట్లో స్టీల్‌ప్లాంట్ ఆర్ కార్డు, అంటే ప్లాంటుకి భూమి పోయిన కుటుంబాలకి ఇచ్చిన కార్డు, ఉంటుంది, ఎప్పటికైనా పిలుపు వస్తుందని తాత నుంచి మనవడి దాకా ఎదురుచూపే. ఆ ఆశని తప్పుపట్టను. కానీ ఎదురుచూస్తూ కూడా పని చేయొచ్చు కదా. ఇంకొకరు "గూగుల్ వస్తోంది, ఆగుదాం సార్" అంటున్నారు. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖకి 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించిన మాట నిజమే. కానీ డేటా సెంటర్‌కి కట్టేటప్పుడు కావలసినంతమంది, నడిపేటప్పుడు అక్కర్లేదు. నడిచేటప్పుడు కావలసింది ఎక్కువగా ఎలక్ట్రికల్, కూలింగ్, నెట్‌వర్క్ పని తెలిసినవాళ్లు. మామూలు బీకాం పిల్లాడు దాని కోసం ఆగడంలో అర్థం లేదు.

మేము నేర్పేది చాలా చిన్నగా మొదలవుతుంది. మాక్ ఇంటర్వ్యూలో కుర్రాణ్ణి "నీకేం వచ్చు బాబూ?" అని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది "ఏ పనైనా చేస్తాను సార్" అంటారు. వినయంగానే అంటారు, పాపం. కానీ అవతల కూర్చున్న యజమానికి ఆ మాటలో ఏమీ దొరకదు. అదే కుర్రాడు నెల తర్వాత "ట్యాలీలో పర్చేజ్, సేల్స్ ఎంట్రీలు వేస్తాను. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూస్తాను. జీఎస్టీఆర్-1కి బిల్లులు సర్ది పెట్టగలను. ఎక్సెల్‌లో వీ-లుకప్, పివట్ వచ్చు" అన్నాడనుకో, గాజువాక ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల డీలరైనా సరే "రేపు రా, ఓ పది రోజులు చూద్దాం" అంటాడు. ఈ తేడా తీసుకురావడమే కేంద్రం పని. పెద్ద విద్యేం కాదు. పక్కన కూర్చుని నిజమైన బిల్లులతో చేయించేవాళ్లు కావాలి, అంతే.

విశాఖలో బీకాం వాళ్లకి పనికొచ్చే చోట్లు చాలామటుకు పేపర్లో ప్రకటన ఇవ్వవు. పోర్టుని నమ్ముకుని బతికే కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులు, మనం సీహెచ్ఏ ఆఫీసులు అంటాం, షిప్పింగ్ ఏజెంట్లు, కంటైనర్ ట్రాన్స్‌పోర్టు వాళ్లు, రొయ్యల ఎగుమతి కంపెనీలు ఇలా చాలా ఉన్నాయి. దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీ, ఎగుమతికి షిప్పింగ్ బిల్ ఉంటాయని తెలిసి, వాటిలో ఏ గడిలో ఏముంటుందో ఒకసారి చూసిన కుర్రాడు దొరికితే వాళ్లకి పండగే. ఇలాంటి చోట ఖాళీ పడితే యజమాని ఫోన్ తీసి తెలిసినవాళ్లని అడుగుతాడు. ఆ తెలిసినవాళ్లలో కేంద్రం ఒకటైతే నీ పేరు వెళుతుంది. మీ నాన్నగారికి అలాంటి పరిచయాలుంటే ఈ అవసరమే ఉండేది కాదు. మనలాంటి ఇళ్ల పిల్లలకి ఆ పరిచయం అరువిచ్చేదే మంచి కేంద్రం.

జాబ్ మేళాలకి వెళ్లొద్దని చెప్పను. వెళ్లు, కానీ లెక్క తెలిసి వెళ్లు. సేల్స్, డెలివరీ, కాల్ సెంటర్, సెక్యూరిటీ లాంటి పోస్టులే ఎక్కువ ఉంటాయి. సాయంత్రానికి ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టి ఫోటో తీస్తారు. ఆ కాగితం తీసుకునే ముందు కొన్ని అడుగు. ఎవరి రోల్స్ మీద తీసుకుంటున్నారు, కంపెనీవా, కాంట్రాక్టరువా? చెప్పిన జీతం సీటీసీనా, అంటే మన మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చా, చేతికొచ్చేదా? పీఎఫ్ కింద బేసిక్, డీఏల మీద 12 శాతం కట్ అవుతుంది. జీతం నెలకి 21,000 లోపుంటే ఈఎస్ఐ 0.75 శాతం. అవి కట్ అవడం మంచిదే, కానీ చేతికెంతో ముందే తెలియాలి. షిఫ్టు ఎప్పుడు, కంపెనీ బస్సు గాజువాక మీదుగా వస్తుందా? మధురవాడలో తక్కువ జీతానికి చేరి, రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగి, మూడో నెలలో మానేసినవాళ్లని చూశాను. వాళ్లని బద్ధకస్తులన్నారు ఇంట్లో. నిజానికి ఆ ఉద్యోగమే వాళ్లకి గిట్టుబాటయ్యేది కాదు.

అప్రెంటిస్‌షిప్ అనే దారిని మన పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. ఐటీఐ వాళ్లకి నేవల్ డాక్‌యార్డ్, షిప్‌యార్డ్, స్టీల్‌ప్లాంట్, రైల్వే సంగతి ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. డిగ్రీ వాళ్లు కూడా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకుని ఏడాది అప్రెంటిస్‌గా చేరొచ్చన్నది చాలామందికి తెలియదు. స్టైపెండ్ వస్తుంది. అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని యజమానికి నిబంధనేం లేదు. అయినా రెండేళ్ల ఖాళీ మీద ఒక ఏడాది అనుభవం పడుతుంది, నీకిప్పుడు కావలసింది అదే.

ఒక హెచ్చరిక. ఉద్యోగానికి డిపాజిట్, యూనిఫాం ఖర్చు, ప్రాసెసింగ్ ఫీజు అని ఎవరు డబ్బు అడిగినా అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్. విదేశాల్లో డేటా ఎంట్రీ అంటే మరీ జాగ్రత్త. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుండే ఉంటుంది. ఇలాంటి ఉద్యోగమనే చెప్పి మన పిల్లల్ని అక్కడికి పంపి, సైబర్ మోసాలు చేయించారు. ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైనవాడా కాదా అన్నది ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ఇక మీ అక్క సంగతి. అసలు కష్టం ఇక్కడే ఉంది, కాబట్టి నిదానంగా చదువు. వీలైతే అక్కకి చదివి వినిపించు.

షాపు అనగానే అందరూ ముందు చెప్పేది పీఎంఈజీపీ, అంటే కొత్త యూనిట్ పెట్టుకునేవాళ్లకి బ్యాంకు లోనుతో పాటు కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే పథకం. సబ్సిడీ ఉంది కాబట్టి. 2022లో మార్చిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా, సర్వీసు యూనిట్‌కి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. ఆడవాళ్లు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. సొంత వాటా 5 శాతం చాలు, సబ్సిడీ పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం. గాజువాక విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో ఉంది కాబట్టి మీకు పట్టణం లెక్కే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఉచితం. పెట్టే ముందు ఆ రోజుకి ఏ నిబంధనలున్నాయో పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

ఉదాహరణకి 4 లక్షల ప్రాజెక్టు అనుకుందాం. రెండు జుకీ మెషీన్లు, ఒక ఓవర్‌లాక్, పీకో మెషీన్, కటింగ్ టేబుల్, షాపు అద్దాలు, లైట్లు, కొంత చేతి పెట్టుబడి. అక్క 20,000 పెట్టాలి. బ్యాంకు 3.8 లక్షలు ఇస్తుంది. సబ్సిడీ లక్ష రూపాయలు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ లక్ష చేతికి రాదు. అక్క పేరున బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌లా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, అంతమేర లోను మీద వడ్డీ పడదు. మూడేళ్లు యూనిట్ సక్రమంగా నడిస్తే లోనులో సర్దుతారు. మధ్యలో మూసేస్తే ఆ సబ్సిడీ వెనక్కి పోతుంది.

మిగిలిన 2.8 లక్షలకి 11 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుంటే నెలకి వాయిదా సుమారు 6,100. షాపు అద్దె 6,000 వేసుకుందాం, కరెంటు 1,500, సాయానికి ఒకమ్మాయిని పెట్టుకుంటే 8,000. మొత్తం 21,600. లైనింగ్ బ్లౌజుకి 350 తీసుకుంటే దారం, లైనింగ్ గుడ్డ, హుక్కులు పోను 270 మిగులుతుందనుకో. అంటే నెలకి 80 బ్లౌజులు కుడితే ఖర్చులు తీరతాయి. ఎనభై ఒకటో బ్లౌజు నుంచి అక్క సంపాదన మొదలు. ఇప్పుడు ఇంట్లో నెలకి ఎన్ని కుడుతోంది? ఈ ఒక్క సంఖ్య తెలియకుండా షాపు మాట ఎత్తకండి. అద్దెలూ రేట్లూ మీ వీధిని బట్టి మార్చుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

పైగా ఈ పని ఏడాదంతా ఒకేలా ఉండదని అక్కకి నాకన్నా బాగా తెలుసు. శ్రావణంలో, పెళ్లిళ్లప్పుడు రాత్రి రెండు దాకా మెషీన్ ఆగదు. మూఢం వస్తే వారానికి నాలుగు జాకెట్లు కూడా రావు. ఈఎంఐకి మూఢం ఉండదు. అందుకే సీజన్‌లో వచ్చినదాంట్లోంచి రెండు మూడు వాయిదాల డబ్బు పక్కన పెట్టడం మా క్లాసులో మొదటి పాఠం. మగ్గం వర్క్ నేర్చుకుంటే ఒక్కో బ్లౌజు మీద మిగిలేది పెరుగుతుంది, ఎనభై కాస్తా తగ్గుతుంది. నేనైతే మెషీన్ల కన్నా ముందు ఆ పని నేర్చుకోమంటాను.

ఇంకో దారి ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. ఎంపికైతే కొద్దిరోజుల శిక్షణ, రోజుకి 500 స్టైపెండ్, పనిముట్లకి 15,000, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల లోను, 18 నెలల్లో తీర్చాలి. అది సరిగ్గా తీర్చి షరతులు నెరవేరిస్తే తర్వాత 2 లక్షలు. లక్షకి వాయిదా సుమారు 5,800 పడుతుంది. ఇంట్లోనే ఒక గది సర్దుకుని, ఒక మంచి మెషీన్ కొనుక్కుని చేస్తే అద్దె లేదు, జీతం లేదు. నెలకి 22 బ్లౌజులతో వాయిదా తీరుతుంది. ఎనభై ఎక్కడ, ఇరవై రెండు ఎక్కడ! ముందు దీనితో నిలదొక్కుకుని, ఆర్డర్లు పెరిగాక షాపు చూడమంటాను. దీనికి షరతులున్నాయి: కుటుంబంలో ఒక్కరికే, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, గత అయిదేళ్లలో పీఎంఈజీపీ లాంటి లోను తీసుకుని ఉండకూడదు. అంటే ముందు పీఎంఈజీపీకి వెళితే ఈ తలుపు మూసుకుపోతుంది. ఎంచుకునే ముందు ఆలోచించుకోండి. నమోదు సంగతి దగ్గర్లోని సీఎస్సీ సెంటర్లో కనుక్కోండి. రెండూ కుదరకపోతే చిన్న వ్యాపారాలకి లోన్లిచ్చే ముద్ర పథకం ఉంది. శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, హామీ అడగకుండా ఇస్తారు. సబ్సిడీ మాత్రం ఉండదు.

సబ్సిడీ వస్తుంది కదా అని ప్రాజెక్టు పెంచడం నేను చూసిన రోగాల్లోకెల్లా పెద్దది. లక్షన్నరతో అయ్యే పనికి ఆరు లక్షలు రాయిస్తారు బ్రోకర్లు, వాళ్ల కమిషన్ దాని మీద కాబట్టి.

బ్యాంకులో అప్లికేషన్ ఎందుకు ఆగుతుందో కూడా చెబుతాను, ఇది ఏ కరపత్రంలోనూ ఉండదు. మొదటిది సిబిల్, అంటే మన పాత అప్పులు, వాయిదాల రికార్డు. అక్క పేరు మీద మీ ఇంట్లో ఎవరైనా ఫోన్ ఈఎంఐలో తీసుకున్నారా? లోన్ యాప్‌లో అయిదు వేలు వాడి రెండు వాయిదాలు ఎగ్గొట్టారా? అక్కకి తెలియకుండా కూడా జరిగి ఉండొచ్చు. ఆ రికార్డు రాసి ఉంచే ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ముందు అది తీసి చూడండి. బాకీ ఉంటే కట్టి, బాకీ లేదన్న కాగితం (ఎన్‌ఓసీ) తీసుకుని, రిపోర్టులో మారేదాకా ఆగండి. రెండోది ప్రాజెక్టు రిపోర్టు. నా టేబుల్ మీదకి ఒకసారి డెయిరీ యూనిట్ రిపోర్టు వచ్చింది. మూడో పేజీలో "మా పచ్చళ్లకు మార్కెట్లో మంచి గిరాకీ ఉన్నది" అని ఉంది. ఎవరిదో పచ్చళ్ల రిపోర్టులో పేరు మార్చి ఇచ్చారన్నమాట. ఆ గేదెల అమ్మాయి నిజంగా పని తెలిసిన మనిషి, మూడు ప్రశ్నలు అడిగితే పాల వెన్న శాతంతో సహా చెప్పింది. కానీ ఆ కాగితం చూసిన మేనేజర్లందరూ ప్రశ్నలు అడగరు కదా, పక్కన పెట్టేస్తారు. రిపోర్టు పెద్దదవనక్కర్లేదు, అక్క సొంత లెక్క అందులో ఉండాలి. పైన వేసిన ఎనభై బ్లౌజుల లెక్కే రెండు పేజీల్లో రాస్తే నేనైతే కుర్చీ చూపించి కూర్చోమనేవాణ్ణి. మూడోది, ఇప్పటి పని రుజువు. ఆర్డర్ల నోట్‌బుక్, ఫోన్‌పేలో వచ్చే డబ్బులు అక్క సొంత ఖాతాలోనే పడటం. మన ఇళ్లలో క్యూఆర్ కోడ్ తమ్ముడిదో బావదో ఉంటుంది. కుట్టేది ఒకరు, ఖాతాలో సంపాదన ఇంకొకరిది! అది ఇవాళే మార్చండి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బు అడిగితే అది ప్రభుత్వ సైటు కాదు.

ఇక కేంద్రానికి వెళ్లినప్పుడు ఏం అడగాలి? బోర్డు మీద ఎన్ని వేలమందికి శిక్షణ ఇచ్చారో రాసి ఉంటుంది, దాన్ని వదిలెయ్. గత బ్యాచ్‌లో చేరినవాళ్లలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడించండి అని అడుగు. మాట్లాడించగలిగితే సగం పాసైనట్టే. కోర్సు అయ్యాక ఎవరు ఫోన్ చేస్తారు, ఎన్నాళ్లు చేస్తారు అని అడుగు. ఆర్సెటీల్లో శిక్షణ తర్వాత రెండేళ్లు వెంట ఉండాలన్నది నిబంధనలోనే ఉంది. పట్నంలో నడిచే కేంద్రాలకి అలాంటి కట్టుబాటు ఉండకపోవచ్చు, కానీ మంచివాళ్లు చేస్తారు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే పిల్లలు ఎక్కువగా మానేస్తారు. సూపర్‌వైజర్ తిట్టాడనో, హాస్టల్లో తిండి పడలేదనో. ఆ రోజు సాయంత్రం కేంద్రం నుంచి ఒక ఫోన్ వస్తే చాలామంది ఆగిపోతారు. వ్యాపారానికైతే, బ్యాంకుకి తోడు ఎవరైనా వస్తారా అని అడుగు. "మేం లెటర్ ఇస్తాం, మీరు వెళ్లండి" అంటే నేర్చుకోవడానికి చేరు, లోను మీద ఆశ పెట్టుకోకు. వేలిముద్రల హాజరు వేయించుకుని మధ్యాహ్నానికి ఇంటికి పంపేసే చోటు అయితే, ఉచితమైనా సరే, నీ మూడు నెలలు ఉచితం కావు కదా.

వయసు అడిగావు. మేరా యువ భారత్ 15 నుంచి 29 ఏళ్లవాళ్లకి, అంటే నువ్వు చేరొచ్చు, అక్కకి దాటిపోయింది. పీఎంఈజీపీకి 18 నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. విశ్వకర్మకీ 18 దాటాలన్నదే. కాబట్టి 31 అని అక్క బెంగ పెట్టుకోనక్కర్లేదు. తను ఈ నెలంతా ఎన్ని బ్లౌజులు కుట్టింది, ఒక్కోదానికి ఎంత తీసుకుంది, ఎంత మిగిలింది అని రోజూ ఒక నోట్‌బుక్‌లో రాయమను. రాయడం నువ్వే నీ పనిగా పెట్టుకున్నా సరే, బీకాం చదివావు కదా. నెలాఖరుకి ఆ లెక్కలు ఇక్కడే పెట్టు, విశ్వకర్మా ముద్రా ఏది నయమో అప్పుడు చూసి చెబుతాను.